కావాలని బడిపంతులయ్యాను

2020 సెప్టెంబరు. మాసచుసెట్స్‌లో మా ఊరి స్కూళ్ళు ఆ ఏడాది కంప్యూటర్ తెర మీదే తెరుచుకున్నాయి. మా వాడు ఒకటో తరగతి. డైనింగ్ టేబుల్‌కి ఆ చివర వాడు, ఈ చివర ఆఫీసు లాప్‌టాప్‌తో నేను. నా చెవిలో స్టాండప్ మీటింగ్, వాడి స్పీకర్లోంచి టీచర్ గొంతు. ఒకరోజు ఆవిడ "షిప్ అనే మాటలో ఎన్ని శబ్దాలున్నాయి?" అని అడిగారు. నేను మ్యూట్‌లోనే ఉన్నాను కదా అని "నాలుగు" అని పైకే అనేశాను. మా వాడు నా వైపు చూడకుండానే మూడు వేళ్ళెత్తి కెమెరాకి చూపించాడు.

మూడే. ష్, ఇ, ప్. నేను లెక్కపెట్టింది అక్షరాల్ని. ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇంజినీరింగ్ చేసి, ఏళ్ళ తరబడి అమెరికా ఆఫీసుల్లో ఇంగ్లిష్‌లో బతికినదాన్ని, ఆరేళ్ళ పిల్లలకి తెలిసిన సంగతి నాకు తెలీదు. ఆ రోజుకి నవ్వుకుని వదిలేశాను గానీ, అప్పట్నుంచి ఒక చెవి అటే ఉండిపోయింది. తెర మీద ఇరవై గడులు, గడికో పిల్ల. ఒకడు టేబుల్ కింద దాక్కుంటాడు, ఒకతె పిల్లిని తెచ్చి కెమెరాకి అడ్డం పెడుతుంది. ఆ టీచర్ గొంతు మాత్రం ఎప్పుడూ పెరిగేది కాదు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఉద్యోగం చెడ్డదేం కాదు, జీతం బాగుండేది, మేనేజరూ మంచివాడే. అయినా పొద్దున తొమ్మిదయ్యేసరికి నా మీటింగ్ కన్నా వాడి క్లాసు కోసం ఎదురుచూడటం మొదలైంది. ఈ మాట రెండేళ్ళ దాకా ఎవరితోనూ అనలేదు. గ్రీన్ కార్డ్ రాకుండా కంపెనీ మారడమే పెద్ద గండం, ఇక వృత్తే మారతానంటే ఎవరు వింటారు?

2022లో కార్డు చేతికొచ్చింది. ఆ వారమే మా ఆయనకి చెప్పాను. ఆయన ముందు "ఎన్నాళ్ళు?" అన్నారు, తర్వాత "ఎంత?" అన్నారు. అంతకు మించి ఏమీ అడగలేదు. నాన్నకి వాట్సాప్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు. "బతకలేక బడిపంతులు అన్నారు. నువ్వు బతుకుతూనే ఉన్నావు కదమ్మా!" అన్నారు చివరికి. మా తాత బడిపంతులే. ఆరు నెలలకోసారి వచ్చే జీతం కోసం ఆయన పడ్డ అవస్థ నాన్న కళ్ళారా చూశారు, కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను.

దారులు రెండు కనిపించాయి. ఇక్కడ డిగ్రీ ఉండి, ఎంటెల్ అనే రాష్ట్ర పరీక్షలు గట్టెక్కితే ప్రొవిజనల్ లైసెన్స్ ఇస్తారు. దాంతో ఐదేళ్ళ సర్వీసు దాకా పాఠం చెప్పొచ్చు, శిక్షణ ఆ లోపు పూర్తి చేసుకోవాలి. రెండోది, వేరే ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్ళ కోసం యూనివర్సిటీలు నడిపే మాస్టర్స్. సాయంత్రం క్లాసులు, చివర్లో ప్రాక్టికమ్ (అసలు బడిలో పాఠాలు చెబుతూ చేసే శిక్షణ), అది అయ్యాక 1 నుంచి 6 తరగతులకి ఇనీషియల్ లైసెన్స్. తెలిసినవాళ్ళంతా మొదటి దారే చవక, దగ్గర అన్నారు. నిజమే. కానీ ఈత రాకుండా నూతిలో దూకి నేర్చుకుంటానంటే నాతో పాటు ఇరవైమంది పిల్లలు కూడా మునుగుతారు కదా అనిపించింది. రెండో దారిలో వెళ్ళాను.

అప్లికేషన్‌లో వ్యాసం రాయడం తేలిక. మార్కుల జాబితాలు తెప్పించడమే నరకం. ఇండియా డిగ్రీని ఇక్కడి లెక్కలోకి మార్చే ఏజెన్సీకి, ఒక్కో సబ్జెక్టూ విడివిడిగా చూపే ట్రాన్‌స్క్రిప్ట్ మా యూనివర్సిటీ నుంచే సీలు వేసిన కవర్లో వెళ్ళాలి. తమ్ముడు మూడుసార్లు సెలవు పెట్టి ఆ కౌంటర్ చుట్టూ తిరిగాడు. మొదటిసారి సంతకం పెట్టేవారు లేరు. రెండోసారి అన్నీ ఉన్నాయి, కవరు మీద సీలు లేదు. మూడోసారి అందుకున్నాక వాడు పెట్టిన మెసేజ్: "అక్కా, ఇంకో డిగ్రీ చెయ్యాలనిపిస్తే ముందు నాకు చెప్పు, ఊరు వదిలి పారిపోతాను."

డబ్బు సంగతి కూడా చెప్పాలి. టీచర్లు కాబోయేవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే టీచ్ గ్రాంట్ ఒకటుంది, ఏడాదికి 4,000 డాలర్ల దాకా. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకీ ఇస్తారు. అయితే చదువయ్యాక ఎనిమిదేళ్ళలోపు నాలుగేళ్ళు, పేద పిల్లలు ఎక్కువగా చదివే స్కూల్లో, టీచర్ల కొరత ఉన్న సబ్జెక్టులో పనిచేయాలి. లేకపోతే మొత్తం వడ్డీతో సహా అప్పుగా మారిపోతుంది. మామూలు ఎలిమెంటరీ చాలాచోట్ల ఆ కొరత జాబితాలో ఉండదు. ఉచితమని సంతకం పెట్టి, ఏళ్ళ తర్వాత అప్పు నోటీసు అందుకున్నవాళ్ళ కథలు చదివాను. నేను దాని జోలికి వెళ్ళలేదు. పగలు ఉద్యోగం, రాత్రి క్లాసు, జీతంలోంచే ఫీజు.



ఇక ఎంటెల్. 100 నుంచి 300 మధ్య స్కోరు, పాస్ కావాలంటే 240. కమ్యూనికేషన్ అండ్ లిటరసీ మొదటిసారే అయిపోయింది. లెక్కల పేపరు ఆడుతూ పాడుతూ రాశాను. నన్ను కింద పడేసింది ఫౌండేషన్స్ ఆఫ్ రీడింగ్. చిన్నపిల్లలకి చదవడం ఎలా వస్తుందో అడిగే పరీక్ష అది. వంద బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండు రాత ప్రశ్నలు, నాలుగు గంటలు. నాకు 234 వచ్చింది. జీవితంలో ఇంగ్లిష్ పరీక్ష తప్పడం అదే మొదలు. ఆ రాత్రి మా వాడికి చెప్పాను. "ఇట్స్ ఓకే, యెట్ అని చివర్లో పెట్టుకోవాలి" అన్నాడు. నాట్ యెట్ అనమని వాళ్ళ టీచర్ నేర్పిందట. నాకు ఓదార్పు కన్నా ఒళ్ళుమంటే ఎక్కువైంది.

ఎక్కడ తప్పానో తర్వాత అర్థమైంది. రాత ప్రశ్నలో ఒక పిల్లో పిల్లాడో పైకి చదివిన పేజీ ఇస్తారు. ఏ మాట దగ్గర ఆగారు, ఏది తప్పుగా పలికారు, ఏది వాళ్ళే దిద్దుకున్నారు అన్నీ గుర్తులు పెట్టి ఉంటాయి. అది చూసి ఈ పిల్ల బలం ఏమిటి, లోటు ఏమిటి, ఏం చేస్తే బాగుపడుతుంది, ఆ మాట అనడానికి ఆధారమేమిటి అన్నీ రాయాలి. నేను మన పద్ధతిలో రాశాను. "చదవడం ప్రాముఖ్యత" మొదలుకొని పేజీ నిండా జ్ఞానం. ఆ పేజీలోని పిల్ల గురించి ఎక్కువలో ఎక్కువ రెండు వాక్యాలు రాసి ఉంటాను.

రెండోసారికి ఆఫీసు అలవాటు అక్కరకొచ్చింది. బగ్ రిపోర్టు, అంటే సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పు గురించి రాసే నివేదిక, రాసినట్టు రాశాను. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, మళ్ళీ మళ్ళీ జరుగుతోందా, కారణం ఏమై ఉండొచ్చు. ఉదాహరణకి, పిల్లాడు కేక్‌ని క్యాక్ అన్నాడు, హోమ్‌ని హామ్ అన్నాడు, పిన్‌ని సరిగ్గానే పిన్ అన్నాడు. అంటే పొట్టి అచ్చులు వచ్చు, ఇంగ్లిష్ మాట చివర పలకకుండా ఉండే e అక్షరం తన ముందున్న అచ్చును సాగదీస్తుందన్న సంగతి ఇంకా ఎక్కలేదు. ఆధారం ఫలానా రెండు మాటలు. అంతే. 251 వచ్చింది.

ఆ చదువు చదువుతున్నన్నాళ్ళూ మన తెలుగు మీద నాకు కొత్త గౌరవం పుట్టింది. గుణింతం, ఒత్తులు వచ్చేస్తే మనం ఏ మాటైనా చదివేయగలం, అర్థం తెలియకపోయినా సరే. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలతో దాదాపు 44 శబ్దాలు నెట్టుకురావాలి. ఎయిట్ అనే మాటలో అక్షరాలు ఐదు, శబ్దాలు రెండే. బాక్స్‌లో అక్షరాలు మూడు, శబ్దాలు నాలుగు. 2000లో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే అమెరికా నిపుణుల సంఘం చెప్పిన ఐదు అంశాలు (శబ్దాల స్పృహ, అక్షరాన్ని శబ్దంతో ముడిపెట్టే ఫోనిక్స్, ధారాళత, పదసంపద, అవగాహన) మా క్లాసులో కంఠోపాఠం. వాటిలో మొదటిదే నాకు అందరికన్నా కష్టమైంది. ఎందుకంటే మనం విడదీసి వినేది 'క'ని. 'క్'ని కాదు.



లెక్కలు ఎలా చెప్పాలో నేర్పే కోర్సు మొదటి రోజున ప్రొఫెసర్ బోర్డు మీద 52 లోంచి 38 తీసేయమని రాసి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పమన్నారు. నేనే లేచాను. లెక్కలంటే మనకి మొహమాటం ఉండదు కదా. "రెండులోంచి ఎనిమిది పోదు. పక్కనున్న ఐదుని అడిగి ఒకటి అప్పు తెచ్చుకోవాలి. ఇప్పుడిది పన్నెండు..."

"అప్పు తెచ్చింది ఒకటే అన్నారు. రెండుకి ఒకటి కలిపితే మూడు కదా, పన్నెండు ఎలా అయింది?"

తడబడ్డాను.

"సరే, ఆ అప్పు ఎప్పుడు తీరుస్తారు?"

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళుగా తప్పు లేకుండా చేస్తున్న తీసివేత అది. ఎందుకు అలా చేస్తామో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆవిడ పదుల కడ్డీలు ఐదు, ఒకట్ల ముక్కలు రెండు నా ముందు పెట్టి, ముప్పై ఎనిమిది ఇవ్వమన్నారు. ఒక కడ్డీని ఇచ్చి పది ముక్కలు తీసుకున్నాక గానీ కుదరలేదు. అప్పు కాదు, చిల్లర మార్చుకోవడం. కిరాణా కొట్టులో రోజూ చేసే పనే.

తర్వాతి వారం ఒక పిల్లాడి పేపర్లు ఇచ్చారు. 52 లోంచి 38 తీస్తే 26 అని రాశాడు. 71 లోంచి 46 తీస్తే 35. 83 లోంచి 57 తీస్తే 34. మా బ్యాచ్‌లో ఒక లాయరు, ఒక నర్సు, రెస్టారెంటు నడిపినావిడ ఒకరు ఉన్నారు. "ఏకాగ్రత లేదు" అన్నారు లాయరు. నాకు మాత్రం పేపరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. వాడికి ఏకాగ్రత బ్రహ్మాండంగా ఉంది. పైనున్నదా కిందున్నదా అని చూడకుండా, ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. ఒక్కచోట కూడా ఆ సూత్రం తప్పలేదు. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేతల్లో ఇలాంటి పద్ధతైన తప్పుల్ని జాబితా కట్టి, వాటికి పెట్టిన పేరే 'బగ్స్' అని ఆ రోజే తెలిసింది. పన్నెండేళ్ళు నేను చేసిన పని పేరు అది. ఇంటికొచ్చి మా ఆయనకి ఆ పేపరు గురించి అరగంట చెప్పాను. ఆయన పడుకునే ముందు "ఉద్యోగం ఎప్పుడు మానేస్తున్నావు?" అని అడిగారు.

మిగతా కోర్సుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొన్ని బాగున్నాయి, కొన్ని వారం వారం చర్చ పేరుతో ఒకరి భుజం ఒకరు తట్టుకునే రకం. ఇంగ్లిష్ ఇంకా రాని పిల్లలకి పాఠం చెప్పడానికి ఎస్.ఇ.ఐ. అనే ఎండార్స్‌మెంట్ (లైసెన్స్‌కి తోడుగా ఉండే అర్హత) ఈ రాష్ట్రంలో తప్పనిసరి, ఆ కోర్సు పనికొచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించిన కోర్సులో తెలిసిందొకటి మర్చిపోలేను. వాళ్ళని వీలైనంతవరకు మామూలు బడిలోనే చదివించాలని మాసచుసెట్స్ 1972లోనే చట్టం చేసింది, దేశం మొత్తానికి అలాంటిది వచ్చింది 1975లో. మా ఊళ్ళో నాతో ఒకటో తరగతి చదివిన ఒక పిల్ల రెండో తరగతికి రాలేదు. "దానికి చదువు రాదులే" అన్నారు, అందరం సరే అనుకున్నాం. ఆ క్లాసు జరిగినంతసేపూ ఆ పిల్ల ముఖమే గుర్తొచ్చింది.



2024 జనవరిలో ప్రాక్టికమ్. రాష్ట్రం అడిగేది కనీసం 300 గంటలు, మా ప్రోగ్రామ్ సెమిస్టర్ మొత్తం పెట్టింది. జీతం లేదు, పైగా ఆ క్రెడిట్లకి మనమే ఫీజు కట్టాలి. డిసెంబరులో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. ఇచ్చిన పది రోజులకి, నా కోసం అనుకున్న స్కూలు తప్పుకుందని మా ప్లేస్‌మెంట్ ఆఫీసు నుంచి మెయిల్. సెలవులు అయ్యాక చూద్దామని ఒక్క లైన్. ఆ మూడు వారాల టెన్షన్‌లో నేను ఇంట్లోవాళ్ళతో ఎలా ఉన్నానో వాళ్ళే చెప్పాలి. ఈ దారిలో వచ్చేవాళ్ళకి ఒకటే చెబుతాను, ప్లేస్‌మెంట్ కాగితం చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకండి.

చివరికి రెండో తరగతి దొరికింది. వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ అన్నీ అయ్యాక ఒక సోమవారం పొద్దున ఏడున్నరకి వెళ్ళి నిలబడ్డాను. నాకు గురువు, అంటే ఇక్కడి భాషలో సూపర్వైజింగ్ ప్రాక్టీషనర్, నా కన్నా తొమ్మిదేళ్ళు చిన్న. ముందుగా చెప్పింది పాఠం గురించి కాదు. "పదిన్నర దాకా బాత్రూమ్‌కి వెళ్ళడం కుదరదు, కాఫీ తగ్గించండి" అంది.

రెండో వారంలో శబ్దాల పాఠం నాకిచ్చింది. నేను మాట చెబుతాను, పిల్లలు చిన్న తెల్లబోర్డుల మీద రాసి పైకెత్తుతారు. మొదటి మాట కప్. ఇరవై బోర్డులు లేచాయి. ముందు వరసలో ఒక పిల్లాడు, ఊరి నుంచి వచ్చి ఆరు నెలలే అయిన బ్రెజిల్ అబ్బాయి, సి, యు, పి రాసి, చివర ఇంకో యు కూడా పెట్టాడు. తప్పు రాశాడేమిటా అనుకుని మళ్ళీ చెప్పాను, కాస్త గట్టిగా. వాడు బోర్డు చూసుకుని, నన్ను చూసి, ఆ చివరి అక్షరం కింద గీత కూడా గీశాడు.

గురువు నవ్వు ఆపుకుంటూ పక్కకి పిలిచింది. "వాడు రాసింది కరెక్టే. మీరన్నదే రాశాడు."

కప్పు. నేను కప్పు అన్నాను. బస్సు, కారు, బుక్కు, పెన్ను. మనకి మాట చివర అచ్చు లేకపోతే నోరు మూతపడదు. మిగతా పంతొమ్మిదిమందికి కప్ అంటే ఏమిటో ముందే తెలుసు కాబట్టి సరిపెట్టుకున్నారు. వాడికి ఆ మాట కొత్త, అందుకే చెవిన పడ్డది పడ్డట్టు రాశాడు. నన్ను నమ్మిన పిల్లాడొక్కడే తప్పు రాశాడు.

ఆ రాత్రి అద్దం ముందు నిలబడ్డాను. ఎనిమిదో తరగతిలో సంధులు చెప్పేటప్పుడు మా తెలుగు మాస్టారు క్ ప్లస్ అ ఈజ్ ఈక్వల్ టు క అని బోర్డు మీద రాసేవారు. పొల్లు. అప్పుడు అది మార్కుల కోసం. ఇప్పుడు ప్రతి మాట చివరా మనసులో పొల్లు పెట్టుకుని ఆపడం మొదలుపెట్టాను. కప్ అన్నాక పెదాలు మూసి అలాగే ఉంచేయాలి, తెరిచామో 'ఉ' జారిపోతుంది. బడికి వెళ్ళే పాతిక నిమిషాలూ కార్లో ఇదే సాధన. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు చూసేవాళ్ళు.

అది దారికొచ్చిందనుకునేసరికి ఇంకోటి. "వెట్ అని రాయండి" అన్నాను. ఒక పాప చెయ్యెత్తి, "కుక్కల డాక్టరా, నీళ్ళలో తడిసిందా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. మనకున్నది ఒక్కటే వ. ఇంగ్లిష్‌లో ఒకటి పై పళ్ళు కింది పెదవికి ఆనించి పలకాలి, ఇంకోటి పెదాలు సున్నా చుట్టి పలకాలి. శబ్దాల పాఠంలో పిల్లలకి చిన్న చేతి అద్దాలు ఇస్తారు, నోరు ఎలా ఉందో చూసుకోవడానికి. ఆ వారం ఒక అద్దం నేనూ తీసుకున్నాను.

నన్ను అంచనా వేసే పద్ధతిని ఇక్కడ క్యాప్ అంటారు. యూనివర్సిటీ నుంచి ఒక సూపర్వైజర్ కొన్నిసార్లు ముందే చెప్పి వస్తారు, కొన్నిసార్లు చెప్పకుండా. చెప్పకుండా వచ్చిన మొదటి రోజున, నేను సరిగ్గా ఆ 52 లోంచి 38 పాఠమే చెబుతున్నాను. ప్రతి జంటకీ కడ్డీలు, ముక్కలు పంచాను. తలుపు తెరుచుకునే సమయానికి క్లాసులో తీసివేత చేస్తున్నవాళ్ళు ఎవరూ లేరు. ఒక జంట కోట కడుతోంది, ఒక జంట యుద్ధం చేస్తోంది, ఒకడు ముక్కని చెవిలో పెట్టుకుని తీయడానికి తిప్పలు పడుతున్నాడు. ఆవిడ వెనక కుర్చీలో కూర్చుని పెన్ను తీశారు.

చేతులు తల మీద పెట్టుకోమన్నాను. చెవిలో ముక్క తీశాను. అందరి దగ్గరా సామాను వెనక్కి తీసుకుని, ఒక్క సెట్టు మాత్రం కెమెరా కింద పెట్టి తెర మీద చూపిస్తూ, "నా దగ్గర ముప్పై ఎనిమిది ఇవ్వడానికి చిల్లర లేదు, ఏం చేయను?" అని అడిగాను. ఒక్కొక్కరే వచ్చి మార్చారు. పాఠం సగంలోనే గంట కొట్టింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం, పాఠం నడుస్తుండగా గమనించి మార్చుకోవడం అనే అంశంలో మంచి రేటింగ్ ఇచ్చి, "సామాను పంచే ముందు ఆడుకోవడానికి రెండు నిమిషాలు ఇవ్వండి, ఎలాగూ ఆడుకుంటారు" అని రాశారు. పుస్తకాల్లో చదివినదాన్లో ఇంత పనికొచ్చిన వాక్యం ఇంకోటి లేదు.

కష్టమైన రోజులూ ఉన్నాయి. బడిలోకి తుపాకీతో ఎవరైనా చొరబడితే ఏం చేయాలో ముందే సాధన చేయించే లాక్‌డౌన్ డ్రిల్‌లో లైట్లు ఆర్పి, ఇరవైమంది ఏడేళ్ళ పిల్లలతో గోడ మూలకి చేరి కిక్కురుమనకుండా కూర్చోవాలి. నా చెయ్యి పట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది. అది అయిన రెండు నిమిషాలకి వాళ్ళు స్నాక్ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, నాకే కుదుటపడటానికి మధ్యాహ్నం అయింది. పిల్లల మీద దెబ్బలో నిర్లక్ష్యమో అనుమానం వస్తే వెంటనే ఫోన్ చేసి, 48 గంటల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాల్సిన బాధ్యత కూడా చట్టం టీచర్ మీదే పెట్టింది. ఒకసారి ఆ అవసరం వచ్చింది. దాని గురించి ఇంతకు మించి రాయను.



జూన్‌లో లైసెన్స్ మెయిల్‌లో వచ్చింది. ఫ్రేము కట్టించుకునే సర్టిఫికెట్ వస్తుందనుకున్నాను, ఒక పీడీఎఫ్.

ఉద్యోగం వెంటనే రాలేదు. ఎలిమెంటరీకి, అందులోనూ మంచి పేరున్న ఊళ్ళలో, పోటీ ఎక్కువ. నాలుగు ఇంటర్వ్యూలు, రెండు డెమో పాఠాలు. ఒకచోట "ఐటీ వదిలి ఇంత తక్కువ జీతానికి ఎందుకు? ఎన్నాళ్ళుంటారు?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. చివరికి ప్రసూతి సెలవు మీద వెళ్ళిన టీచర్ స్థానంలో లాంగ్ టర్మ్ సబ్‌గా ఒక ఏడాది చేశాను. 2025 ఆగస్టులో సొంత క్లాసు వచ్చింది. మళ్ళీ రెండో తరగతే.

జీతం పాత దాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ. అనుభవానికి ఒక మెట్టు, చదువుకి ఒక వరస చొప్పున పట్టిక ఉంటుంది, మాస్టర్స్ ఉంది కాబట్టి ఒక వరస ముందు. టెస్టింగ్‌లో పన్నెండేళ్ళు ఆ పట్టికకి లెక్కలోకి రాలేదు. తెలుగువాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది రిటైర్మెంట్ గురించి కాబట్టి అదీ చెబుతాను. మాసచుసెట్స్ టీచర్లు సోషల్ సెక్యూరిటీకి, అంటే ఫెడరల్ ప్రభుత్వపు పెన్షన్ పథకానికి, కట్టరు, రాష్ట్ర పెన్షన్‌కి జీతంలో 11 శాతం కడతారు. పెన్షన్ హక్కు రావాలంటే పదేళ్ళ సర్వీసు. ఇలాంటి పెన్షన్ ఉంటే, పాత ఉద్యోగాల్లో సంపాదించుకున్న సోషల్ సెక్యూరిటీలో కోత పెట్టే నిబంధన ఒకటుండేది. నాలాగా మధ్యలో మారేవాళ్ళని అది బాగా దెబ్బతీసేది. 2025 జనవరిలో దాన్ని రద్దు చేశారు. ఆ రోజు మా ఆయన స్వీట్ తెచ్చారు, లైసెన్స్ వచ్చిన రోజు కూడా తేలేదు.

నాన్న ఇప్పుడు ఫోన్లో "స్కూలు ఎలా ఉంది" అని అడుగుతున్నారు. బడిపంతులు అనే మాట మానేశారు.

ఈ ఏడాది మొదటి రోజునే మా క్లాసుకి చెప్పేశాను. నేను పుట్టిన చోట వ ఒక్కటే, ఇక్కడ రెండున్నాయి, నాకు కలిసిపోతుంటాయి, ఎప్పుడైనా కలిస్తే చెయ్యెత్తండి అని. చెయ్యెత్తడంతో ఆగుతారా! మూడో వరసలో ఒకతె తనే బోర్డు మూలన చిన్న డబ్బా గీసి, తప్పినప్పుడల్లా ఒక గీత పెడుతోంది. మొదటి శుక్రవారానికి 17 గీతలు. పోయిన వారం 11. ఇంటికెళ్ళేటప్పుడు బ్యాగు తగిలించుకుంటూ, ఈ వారం పది దాటకూడదని నాకు టార్గెట్ ఇచ్చి వెళ్ళింది. ఇవాళ బుధవారం, ఎనిమిదయ్యాయి.